నలుగుపిండి నుంచి సీరం సీసా దాకా

పుదుచ్చేరి ఊళ్ళోంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లు వస్తే కాలాపేట. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు 1985లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం. తెలుగు పిల్లలు ఏటా ఇక్కడికి చదువుకు వస్తూనే ఉంటారు. యానాం కూడా పుదుచ్చేరి పాలనలోదే కాబట్టి గోదావరి మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. చర్మానికి రాసుకునే మొక్కల సరుకు గురించి ఆలోచించడానికి ఇది తగిన చోటు. కాస్త ఉత్తరాన పుత్తుపట్టు అయ్యనారు గుడి చుట్టూ కోరమాండల్ తీరపు పాత అడవి ముక్క ఒకటి మిగిలి ఉంది. పడమరన ఆరోవిల్. కోసుకుపోయిన ఎర్రనేల మీద 1968లో మొదలైన ఆ ఊరు చెట్లు పెంచుకుంది, ఇప్పుడు సబ్బులు, అగరొత్తులు, పరిమళ తైలాలు తయారుచేస్తోంది. దక్షిణాన గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి ఉంది. ఏదో రాసుకుని ముఖం పాడైనవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎక్కడున్నా చివరికి చేరేది అక్కడి చర్మవ్యాధుల విభాగానికే.

ఈ విషయం మీద చర్చ ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతోంది: సహజమా, రసాయనమా? ఈ ప్రశ్నతో ఎవరికీ మేలు జరగదు. పసుపులోని కర్కుమినూ రసాయనమే, గోరింటాకులోని లాసోనూ రసాయనమే. అడగవలసినవి వేరే ఉన్నాయి. ఏ మొక్క, దానిలో ఏ భాగం, ఎంత మోతాదు, చర్మం మీద ఎంతసేపు? మన పెద్దవాళ్ళ అలవాట్లను ఈ ప్రశ్నలతో పరిశీలిస్తే వాళ్ళ తెలివి మూలికల ఎంపికలో ఎంత ఉందో, వాడే పద్ధతిలో అంతకంటే ఎక్కువ ఉందని నాకు అర్థమైంది. ఇవాళ అంగడిలో మూలికల పేర్లు మిగిలాయి, పద్ధతి పోయింది.

సున్నిపిండినే తీసుకుందాం. తమిళులు నలంగు మావు అనేదీ ఇంచుమించు ఇదే. పెసలు, శనగపప్పు, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, తుంగముస్తలు, మరువం, ఎండబెట్టిన గులాబీ రేకులు, ఇంటింటికీ పాళ్ళు మారతాయి. అన్నిటినీ బాగా ఎండబెట్టి, మర పట్టించి, జల్లించి, తడి తగలని డబ్బాలో పోస్తారు. నలుగు పెట్టేటప్పుడు కావలసినంత పిండి తీసి అప్పటికప్పుడు తడుపుతారు. ముందు ఒంటికి నూనె పట్టించి, పిండితో రుద్ది, వేణ్ణీళ్ళతో కడిగేస్తారు. పప్పుపిండి అదనపు జిడ్డును పీల్చుకుంటుంది, మృతకణాలను రాల్చుతుంది, అడుగున పలచటి నూనెపొర మిగులుస్తుంది. సాధారణ సబ్బు క్షారగుణం ఎంత తక్కువనుకున్నా పీహెచ్ 9 దాటుతుంది. చర్మం సహజంగా 5 దగ్గర ఉండే ఆమ్లపొర. పొడిబారిన చర్మానికి ఆ సబ్బు కంటే ఈ పద్ధతి నయం అనడానికి సందేహించనక్కరలేదు.

ఇందులో మూడు రక్షణలున్నాయి. సరుకు పొడిగా ఉంటుంది కనక బూజు, బాక్టీరియా పెరగవు, నిల్వమందు అవసరం పడదు. తడిపింది ఆ పూటకే సరి, మిగిలితే పారబోస్తారు. చర్మం మీద ఉండేది కొన్ని నిమిషాలే కనక ఏ మూలికలోనైనా చురుకైన పదార్థం ఉన్నా లోపలికి దిగే వ్యవధి తక్కువ. ఇవే మూలికలు నీళ్ళతో కలిసి, రాత్రంతా ముఖం మీద ఉండే క్రీములోకి వెళ్ళినప్పుడు ఈ మూడు రక్షణలూ ఒక్కసారిగా పోతాయి. అప్పుడు కొత్తగా లెక్కలు వేసుకోవాలి. మరో జాగ్రత్త కూడా చెప్పాలి. బరక పిండి మొటిమల మీద, తామర ఉన్న చర్మం మీద, పసిబిడ్డల లేత ఒంటి మీద రుద్దితే గీతలు పడతాయి. నలుగు ఆరోగ్యంగా ఉన్న చర్మానికే మంచిది.

బావంచాల కథ దగ్గర కాస్త ఆగాలి. చిన్నగా, నల్లగా, మూత్రపిండం ఆకారంలో ఉండే గింజలవి. నలిపితే ఘాటైన, జిగురు వాసన వస్తుంది. మన వైద్యంలో బొల్లిమచ్చలకు పూసి ఎండలో కూర్చోబెట్టడం ఎంతో పాత చికిత్స. ఆ చికిత్స ఎందుకు పనిచేస్తుందో తర్వాత తెలిసింది. గింజలో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మంలో చేరాక ఎండలోని అతినీలలోహిత కిరణం తగిలితే కణాల మీద పనిచేస్తుంది, రంగు తయారయ్యే ప్రక్రియను రేపుతుంది. ఈజిప్టులో 1940ల నాటికి వేరే మొక్క నుంచి ఇదే కుటుంబపు పదార్థాన్ని తీసి బొల్లికి వాడారు. 1974లో సోరియాసిస్‌కు సొరాలెన్ మాత్రతో యూవీఏ కాంతిని కలిపిన ‘పూవా’ చికిత్స వచ్చి ప్రపంచమంతా పాకింది. మోతాదు తప్పితే ఇదే పదార్థం చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. బావంచాల ముద్ద ముఖానికి పట్టించి ఎండలోకి వెళ్ళకూడదు అనేది అందుకే.

అదే గింజలో ఇంకో పదార్థం ఉంది, బకుచియోల్. 1966లో పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు దీన్ని విడదీసి నిర్మాణం కనుక్కున్నారు. చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన ఒక పరీక్షతో సౌందర్య సాధనాల ప్రపంచం దాని వెంట పడింది. 44 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 0.5 శాతం బకుచియోల్ క్రీము రోజుకు రెండుసార్లు, రెండో జట్టుకు 0.5 శాతం రెటినాల్ రోజుకొకసారి, 12 వారాలు ఇచ్చారు. ముడతలు, మచ్చలు రెండు జట్లలోనూ దాదాపు సమానంగా తగ్గాయి. పొట్టు రాలడం, మంట రెటినాల్ జట్టులోనే ఎక్కువ. 44 మంది తక్కువే, 12 వారాలూ తక్కువే. అయినా ఎవరు ఏ జట్టో తెలియకుండా పంచి, పోల్చి చూసిన పరీక్ష కనక దానికి విలువ ఇవ్వాలి. దుకాణంలో మూలికల డబ్బాలోని బావంచాల పొడి వేరు, ఈ సీరంలోని బకుచియోల్ వేరు. పొడిలో సొరాలెన్ కూడా ఉంటుంది. సీరం తయారుచేసేవాళ్ళు దాన్ని శుభ్రంగా తీసేశారా అన్నదే కొనేవాళ్ళు అడగాల్సింది. ఒకే మొక్క, రెండు పదార్థాలు, రెండు ఫలితాలు. మొక్క పేరొక్కటే చెప్పి అమ్మడం ఎందుకు చాలదో దీనికంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

పసుపు గురించి చెప్పుకోవలసింది చాలా ఉంది. పేటెంటు కథ అందరికీ తెలిసిందే. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రానికి గాయాలు మాన్పే పసుపు మీద పేటెంటు ఇచ్చారు. సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. వేప మీద యూరోపులో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో అప్పీలులోనూ ఓడింది. ఆ గెలుపులకు గర్వపడాలి. వాటి అర్థం మాత్రం సరిగ్గా చూడాలి. ఆ వాడుక పాతదని అక్కడ రుజువైంది. అది ఎంత బాగా పనిచేస్తుందో అక్కడ ఎవరూ తేల్చలేదు. కర్కుమిన్ నీటిలో కరగదు, వెలుతురుకు చెడిపోతుంది, చర్మంలోకి కష్టంగా దిగుతుంది. 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు కొందరు అదంతా కూడగట్టి, పరీక్షనాళికలో కనిపించే కర్కుమిన్ గొప్పలన్నీ నమ్మదగినవి కావని గట్టిగా రాశారు. అలాగని పసుపును కొట్టిపారేయలేం. 1990ల తొలినాళ్ళలో మన దేశంలో గజ్జి పట్టిన 814 మందికి వేపాకు, పసుపు ముద్ద పూస్తే 97 శాతం మందికి మూడు నుంచి పదిహేను రోజుల్లో నయమైందని ఒక ప్రాథమిక అధ్యయనం చెప్పింది. పోల్చడానికి రెండో జట్టు లేకపోవడం దాని లోపం. ఇంత చవకైన మందు మీద పెద్ద పరీక్ష జరగాలని అడగడానికైతే అది చాలు.

పసుపులో పెద్ద చిక్కు సరుకుదే. కస్తూరి పసుపు అని ముఖానికి అమ్మేది వేరే మొక్క. దాని దుంప లోపల లేతరంగులో ఉంటుంది, కర్పూరం లాంటి వాసన వస్తుంది, వంటపసుపులా ముఖాన్ని పచ్చగా పట్టి ఉంచదు. కాలాపేటలో గానీ, విజయవాడలో గానీ మూలికల కొట్టులో ముదురు పసుపు రంగు పొడి చూపించి ‘కస్తూరి’ అంటే, అది వేరే ఏ కర్కుమా జాతి దుంపో, ఏ రంగు కలిపిన వంటపసుపో అయ్యే అవకాశం ఉంది. వంటపసుపుకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలపడం బంగ్లాదేశ్‌లో ఎంత విస్తరించిందో 2019లో అమెరికా స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. సీసం శరీరంలోకి ఎక్కువగా నోటి ద్వారా వెళుతుంది. ముఖానికి రాసిన చేత్తోనే బిడ్డకు తినిపించే ఇళ్ళలో నోరు, చర్మం అన్న తేడా నిలవదు. ముఖానికి వాడేది దుగ్గిరాల కొమ్ములో, నిజామాబాదు కొమ్ములో తెచ్చుకుని మర పట్టించుకోవడం అందరికీ వీలయ్యే జాగ్రత్త.

కుంకుమ ఇదే దారిలో దిగజారింది. పసుపు ముద్దలో కాస్త సున్నం తేట కలిపి చూడండి, కళ్ళముందే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు అట్లా చేసేవే. కుంకుమ అంటే మొదట ఇదే. చవక కుంకుమల్లో మాత్రం ఎక్కువగా ఉండేది పిండికి పట్టించిన అజో రంగులు. నుదుట బొట్టు పెట్టే చోట దురద, పొట్టు, తర్వాత నల్లమచ్చ. కొందరిలో తెల్లమచ్చ. ఈ బాధతో వచ్చిన 46 మంది వివరాలను జిప్మర్ చర్మవ్యాధుల విభాగం 2007లో ప్రచురించింది. మన పక్క ఊరి ఆసుపత్రి గదుల్లోంచి వచ్చిన ఈ లెక్కను నేను చాలా ముఖ్యమైనదిగా చూస్తాను. ఇంట్లో ఆడవాళ్ళు నుదుట రాసుకునేది అలంకారమో, పూజో అని డాక్టరు కూడా మందు సరుకు కింద లెక్కవెయ్యడు. అసలు నొప్పి అక్కడే మొదలవుతుంది.

నూనెల విషయంలో సాక్ష్యం బాగా బలంగా ఉంది. ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు పొద్దుతిరుగుడు నూనె ఒంటికి రాస్తే, రాయని బిడ్డలతో పోలిస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. 2005లో లాన్సెట్‌లో ఈ ఫలితం వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో తేలికపాటి నుంచి మధ్యస్థం దాకా తామర ఉన్న 117 మంది పిల్లలకు ఎనిమిది వారాలు పచ్చి కొబ్బరినూనె రాస్తే, మినరల్ ఆయిల్ రాసిన జట్టు కంటే చర్మం నుంచి ఆవిరయ్యే నీరు బాగా తగ్గింది. ఆవనూనె మాత్రం చర్మపు పైపొరను పాడుచేస్తుందని జంతువుల మీద పరీక్షల్లో తేలింది. ఆలివ్ నూనె కూడా పెద్దవాళ్ళ చర్మపు రక్షణను బలహీనపరిచిందని 2013లో ఇంగ్లండులో చూశారు. ‘నూనె అంటే నూనే’ అనుకునేవాళ్ళు ఈ తేడా చూడాలి. పసిబిడ్డకు నూనె రాసేటప్పుడు విదేశీ ఆలివ్ నూనె కొనే కంటే పొద్దుతిరుగుడో, కొబ్బరో వాడుకోవచ్చు. ధర కూడా వాటిదే తక్కువ.

మొక్క అయినంత మాత్రాన చర్మానికి మంచిది కాదని తెలుగు ఊళ్ళకు చెప్పనక్కర్లేదు. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా పుండవుతుందో మన ఊళ్ళలో చాలామందికి ఎరుకే. ఆ గుర్తున్న బట్ట మెడకు తగిలినా కొందరికి చర్మం ఎర్రబడి, నీళ్ళ పొక్కులు లేస్తాయి. జీడిమామిడి కూడా ఆ కుటుంబానిదే. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ చేతివేళ్ళు తొక్కులోని చమురుకు కాలిపోతాయి. అదే రోగం కడలూరు జిల్లా పన్రుట్టి పనివాళ్ళకూ ఉంది. కాలాపేట చుట్టుపక్కల జీడితోటలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి కనక ఇక్కడి జనానికి ఇది బాగా తెలిసిన చెట్టు.

వయ్యారిభామ ఇంకో సంగతి. పొలాల గట్ల మీద, ఖాళీ స్థలాల్లో తెల్లపూలతో నిలబడి ఉంటుంది. దాని పుప్పొడి గాలిలో వచ్చి కళ్ళరెప్పలు, మెడ, మోచేతి మడత దురదతో గరుకుబారతాయి. దాని చర్మరోగం ఉన్నవాళ్ళు చామంతి కుటుంబపు మూలికలున్న క్రీములు జాగ్రత్తగా చూడాలి. వయ్యారిభామ కూడా అదే కుటుంబం కనక శరీరం ఒకదాన్ని గుర్తుపట్టి ఇంకొకదానికీ తిరగబడుతుంది. చామోమిల్ అంటే మెత్తటి పువ్వు అనే ముద్ర ఉన్నా అది ఈ కుటుంబంలోదే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చేతుల మీద, ముఖం మీద నల్లచారలు రావడం బావంచాల తరహాలోనే. గోరింటాకులోని లాసోన్ జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిబిడ్డలకు రక్తకణాలు పగలగొడుతుంది. పెద్దవాళ్ళకు గోరింటాకు మామూలుగా మంచిదే. నల్లగా పండాలని కలిపే పీపీడీ అనే రసాయనం వల్లే బొబ్బలు వస్తాయి.

పసుపు, వేప లాంటి పాతవే కాక, ఇప్పుడు ప్రొటీన్లు కూడా సబ్బుల్లోకి వచ్చాయి. జపానులో గోధుమ ప్రొటీనును విడగొట్టి కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవాళ్ళలో రెండువేల మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది. గోధుమ తింటే ఊపిరాడక ఆసుపత్రి పాలైనవాళ్ళూ ఉన్నారు. 2011లో ఆ సబ్బు వెనక్కి తీసుకున్నారు. పప్పు ప్రొటీను కూడా ఆహారమే కనక, తామర ఉన్న పిల్లలకు విరిగిన చర్మం మీద రోజూ పప్పుపిండి రుద్దడం నేనైతే వద్దంటాను.

ఇక డబ్బా. నీళ్ళున్న క్రీములో నిల్వమందు ఉండాలి, లేకపోతే సూడోమోనాస్ లాంటి బాక్టీరియా దానిలో పెరుగుతుంది. ‘నిల్వమందులు లేవు’ అని గర్వంగా రాసుకున్న నీటి క్రీముకు నేను దూరంగా ఉంటాను. పొడి సరుకు, నూనె లేపనం అయితే నిల్వమందు లేకుండా సాధ్యమే. ‘సహజం’ అన్న ముద్రకు మన సౌందర్య సాధనాల నియమాల్లో కచ్చితమైన కొలత లేదు. ఐఎస్ఓ 16128 ప్రమాణం ప్రకారం లెక్కవేస్తే క్రీములో పోసిన నీళ్ళు కూడా సహజ శాతంలోకి వస్తాయి. కాబట్టి ‘95 శాతం సహజం’ అన్న మాటలో నీటి వాటా ఎంతో చూడాలి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, ‘సహజం’, ‘స్వచ్ఛం’ లాంటి సామాన్య పదాలకు తగిన ఆధారం చూపాలని మార్గదర్శకాలు తెచ్చింది. అమలు చేసే యంత్రాంగం గట్టిపడితే దీనివల్ల చాలా ఉపయోగం.

ఆయుర్వేద లైసెన్సుతో అమ్ముడయ్యే క్రీములకు దారి వేరు. వాటిని మందుగా అనుమతిస్తారు, సౌందర్య సాధనంగా వాడతారు. సౌందర్య సాధనాల నియమాలు, 2020 ప్రకారం కంటి సాధనాలు తప్ప మిగిలిన వాటిలో పాదరసం ఒక పీపీఎం దాటకూడదు. అయినా కేరళలోని కోట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన మూత్రపిండ రోగుల్లో ఒక వింత గమనించారు. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండ వ్యాధి ఉన్న 22 మందిలో 15 మందికి ఒక అరుదైన రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినట్టు చెప్పారు. ఇలాంటి క్రీముల్లో కలిపే పాదరసం ఏ మొక్క నుంచీ రాదు. చర్మం రంగు మార్చాలన్న ఆశ ఉన్న చోటే ఆ కలుపు వస్తుంది. వారంలో ముఖం తెల్లబడిందంటే ఆ క్రీములో చెప్పనిదేదో ఉందని అనుమానించాల్సిందే.

ఆకు, వేరు, దుంప ఎక్కడ నుంచి వస్తున్నాయన్న ప్రశ్న వెనక్కి నెట్టేస్తున్నాం. 2017లో జరిగిన జాతీయ అధ్యయనం 1178 రకాల ఔషధ మొక్కలు మన దేశంలో వ్యాపారంలో ఉన్నాయని, వాటిలో 242 రకాలు ఏటా వంద టన్నులకు పైగా అమ్ముడవుతున్నాయని లెక్కగట్టింది. ఎక్కువ భాగం అడవి నుంచే. మన దగ్గర దీనికి కన్నీటి కథ ఉంది, ఎర్రచందనం. శేషాచలం, పాలకొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. రక్తచందనం పొడి ముఖానికి వాడటం పాతకాలం నుంచీ ఉన్నదే. దొంగరవాణాకు ప్రధాన కారణం విదేశీ సామానులకు కలప గిరాకీ. మొహం పొడి గిరాకీ దానితో పోలిస్తే చాలా చిన్నది. అయినా ఆ గొలుసులో మనం లేమనలేం. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళ కూలీల్లో ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి వైపు వాళ్ళు. కాలాపేట నుంచి తిరువణ్ణామలై కొన్ని గంటల బస్సు ప్రయాణం. రక్తచందనం కొనేవాళ్ళు ప్రభుత్వ వేలంలో వచ్చిన సరుకా అని అడగాలి, లేకపోతే మానుకోవాలి. దానికి బదులు ముఖానికి పెసరపిండి, కొబ్బరినూనె చాలు. తప్సి చెట్టు నుంచి బంక అతిగా తీసి చెట్లు చనిపోవడం కూడా మన గిరిజన ప్రాంతాల్లో జరిగిందే. 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కుంకుడు, శీకాయ, బంక కొని అమ్ముతోంది కనక అడవి సరుకుకు ఒక లెక్క ఉంది. కొనేటప్పుడు ఆ లెక్క కనబడే దుకాణం వైపు నడవడం మంచిది.

ఒక చిన్న విన్నపం నియంత్రణాధికారులకు. ఆయుర్వేద, మూలికా సౌందర్య సాధనాల డబ్బా మీద మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, ఎంత శాతమో తప్పనిసరి చేయాలి. ‘బావంచి సారం’ అనకుండా, సొరాలెన్ ఎంతుందో రాయించాలి. భారలోహాల పరీక్ష ఫలితం బ్యాచ్ సంఖ్యతో కనబడాలి. పుదుచ్చేరి లాంటి చిన్న పాలనలో ఇది మొదట చేయించి చూపించవచ్చు. ఔషధ నియంత్రణ శాఖ, జిప్మర్, విశ్వవిద్యాలయం అన్నీ పక్కపక్కనే ఉన్నాయి.

కొనేవాళ్ళకు నా సలహా మామూలుది. కొత్త క్రీమైనా, మూలిక పొడైనా ముందు మోచేతి లోపలి మడత దగ్గర చిన్న నాణెం అంత మేర, రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. కడిగేసే సరుకును కడిగేసే తీరులోనే పరీక్షించండి. దురద వచ్చినా, ఎర్రబడినా ముఖానికి పెట్టొద్దు. మచ్చ తేలితే సొంతవైద్యం చేసుకోకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళండి. వాడిన ప్రతి డబ్బానూ, పొడి పొట్లాన్నీ, బొట్టు డబ్బీనీ సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళండి.